రెండో పుస్తకంలోకి ముందు వెళ్లింది ఆమే

నాకంటే ముందు మా యారాలు రెండో పుస్తకంలోకి వెళ్లింది. అయిదేళ్లయింది. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ కడుపులో మండుతుంది. మండినా రాస్తాను, ఎందుకంటే జరిగింది అదే.

యారాలు అంటే మా మరిది భార్య. హైదరాబాదు పాతబస్తీలో, జహనుమాలో మాది ఒకటే ఇల్లు. కింద మేము, మిద్దె మీద వాళ్లు. నేను పెద్ద కోడలిని, ఆమె చిన్న కోడలు, నాకంటే పదేళ్లు చిన్నది. నేను ముప్పై ఏళ్లకు పైగా పాతబస్తీ గల్లీలు ఊడ్చి రిటైరయ్యాను. ఆమె ఇప్పటికీ ఫంక్షన్ హాళ్లలో పెళ్లి వంటలకు రొట్టెలు చేయడానికి పోతుంది. మా అత్త బతికినన్నాళ్లూ చిన్నదాని చేతిలో రుచి ఉందని పదిమందిలో చెప్పేది. నా చేతిలో ఏముందో ఎప్పుడూ చెప్పలేదు. పొరక ఉంది, అది అందరికీ తెలిసిందే.

నాకు అరవై నాలుగేళ్లప్పుడు మా గల్లీ చివర కమ్యూనిటీ హాల్లో పెద్దవాళ్లకు చదువు చెప్పే క్లాసు పెట్టారు. మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా. నేను పోయి పేరు రాయించుకున్నాను. మర్నాడే ఆమె కూడా వచ్చి రాయించుకుంది. నా వెనకాలే రావడం ఆమెకు మొదటి నుంచీ అలవాటు. నేను కుక్కర్ కొంటే ఆమె కుక్కర్ కొన్నది. నేను కంటికి ఆపరేషన్ చేయించుకుంటే ఆమె కూడా పోయి కళ్లు చూపించుకుని వచ్చింది. చదువు దగ్గరన్నా నన్ను ఒంటరిగా వదులుతుందనుకున్నాను. వదల్లేదు.

మేం పన్నెండు మందిమి. మా టీచరమ్మకు పాతికేళ్లు ఉంటాయేమో. మనిషి సన్నం, గొంతు మాత్రం గల్లీ మొత్తానికి వినబడేది. మొదట్లో ఆమె పద్ధతి నాకు చాలా నచ్చింది. ప్రతి శనివారం పరీక్ష. ఆ వారం పాఠం పైకి చదవాలి, అందులోని అయిదు మాటలు పలక మీద రాయాలి. పదికి మార్కులు. రోజూ వచ్చినవాళ్లకు పేరు పక్కన ఎర్ర నక్షత్రం. ఇదంతా ఒక పెద్ద చార్టు మీద రాసి గోడకు అంటించేది.

హాజరు అంటే నాకు మామూలు విషయం కాదు. పనిచేసినన్నాళ్లూ తెల్లారి అయిదింటికి మేస్త్రీ ముందు నిలబడి హాజరు వేయించుకున్నదాన్ని. ఒళ్లు కాలిపోతున్నా పోయాను. ఒక్క నిమిషం ఆలస్యమైతే గైరు హాజరు రాసేవాడు, ఆ తర్వాత ఎంత శుభ్రంగా ఊడ్చినా ఆ రోజు ఊడ్చనట్టే లెక్క. మనిషి విలువ హాజరులో ఉంటుందని నాకు ఎముకల్లోకి ఎక్కింది. అందుకే క్లాసుకు ఒక్క రోజు కూడా మానలేదు. చార్టులో నా వరుస నిండా నక్షత్రాలు. మార్కులు పది, పది, పది.

ఆమె వరుసలో మొదటి నెల రెండు, మూడు. తర్వాత మాఘంలో పెళ్లిళ్లు మొదలయ్యాయి. రెండు నెలలు రొట్టెలకే పోయింది. రాని వారాలన్నిటికీ సున్నాలు పడ్డాయి. నేను రోజూ క్లాసు మొదలయ్యే ముందు ఆ చార్టు ఎదుట ఒక నిమిషం నిలబడేదాన్ని. నా పదులు చూసుకునేదాన్ని అని రాస్తే బాగుంటుంది. కానీ చూసింది ఆమె సున్నాలు.

ఉగాది అయ్యాక ఆమె మళ్లీ క్లాసుకు వచ్చింది. హాలు గోడ మీద ఎర్ర రంగుతో ఏదో రాసి ఉంటుంది. నేను మూడు నెలలుగా రోజూ దాని పక్క నుంచే పోతున్నాను. ఆమె చెప్పులు విడుస్తూ ఆ గోడ వైపు చూసి, పెదాలు కదిలించి, "అక్కా, ఈడ ఉమ్మొద్దని రాసిన్రు సూడు" అంది.

నేను ఆ గోడను చూశాను. నాకు ఎర్ర రంగు కనబడింది. ఇంకేమీ కనబడలేదు.

టీచరమ్మ సంతోషపడిపోయి ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. వంటశాలలో కారం పాకిట్ల మీద, నూనె డబ్బాల మీద రాసి ఉంటాయి కదా, పిండి నానే లోపల అవి చూస్తూ కూర్చునేదాన్నని చెప్పింది. గేటు దగ్గర పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు బోర్డు మీద పెడతారు, లోపలికి పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి చదువుకునేదాన్నని కూడా చెప్పింది. ఇంత చెప్పి నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వులో ఏమీ లేదు. అది ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం నవ్వి పొడిచినట్టే అనిపించింది.

ఆ వారమే టీచరమ్మ చార్టు గోడ మీద నుంచి తీసేసింది. మార్కులు లెక్కపెట్టడం ఆపేస్తున్నానని చెప్పింది. ఒక్కొక్కరికి ఒక అట్టకార్డు ఇచ్చింది. అందులో పది పనులు. పేరు, ఇంటి చిరునామా రాయడం, బస్సు బోర్డు చదవడం, మందుల చీటీలో పొద్దున ఎన్ని, సాయంత్రం ఎన్ని అని చూసి చెప్పడం, గ్యాసు రసీదులో తారీఖు పట్టుకోవడం, ఇట్లా. పని చేసి చూపిస్తే దాని పక్కన టిక్కు. చేయలేకపోతే ఖాళీ. సున్నా లేదు. మళ్లీ వచ్చి ఎన్నిసార్లయినా చేయవచ్చు. పది టిక్కులూ పడినవాళ్లకు రెండో పుస్తకం ఇస్తుంది. ఎవరు ఎన్ని రోజులు వచ్చారు, ముందు ఎన్ని మార్కులు తెచ్చుకున్నారు అన్నది ఇక లెక్కలోకి రాదు.

లేచి నిలబడ్డాను.

"టీచరమ్మా, నేను రోజు వచ్చిన. ఆమె రెండు నెలలు రాలే. ఇద్దరికి ఒక్కటే తరాజువెట్టి తూస్తవా?"

"పెద్దమ్మా, నువ్వు రోజు వచ్చినవ్, నాకు ఎరుకే. కానీ నేను చూసేది ఇయ్యాల ఎవరికి ఏం వస్తుందని."

"నా పదులు ఏం గావాలె మరి?"

ఆమె మా యారాలి వైపు చూపించింది. "మొదటి నెల చేసిన రొట్టె మాడిపోయింది. ఇప్పుడు మంచిగ కాలుస్తున్నది. ఇప్పటి రొట్టెను తెచ్చి, పాతది మాడింది కాబట్టి ఇది గూడ సగం మాడిందని అంటమా?"

"రొట్టెకు రోజు హాజరు ఉండదు బిడ్డా" అన్నాను.

అందరూ నవ్వారు. మా యారాలు కూడా నవ్వింది. నేను నవ్వలేదు, నవ్వించడానికి అన్న మాట కాదది. పాత మార్కులూ కొత్త మార్కులూ కలిపి సగటు తీయమని, అదే న్యాయమని నాలుగు రోజులు క్లాసు అయిపోయాక టీచరమ్మ వెంటపడ్డాను. ఆమె ప్రతిసారీ వింది, ప్రతిసారీ తల అడ్డంగా ఊపింది. చివరికి ఆ చార్టు అయినా నాకు ఇచ్చేయమన్నాను. చుట్టి ఇచ్చింది. ఇంటికి తెచ్చి అల్మారా మీద పెట్టాను.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చదువురాని మనిషికి జ్ఞాపకమే కాగితం. నేను ఒకసారి విన్న మాట మర్చిపోను. ఏ గల్లీలో ఏ ఇంటివాళ్లు ఎప్పుడు చెత్త బయట పెడతారో ముప్పై ఏళ్లు తలలోనే పెట్టుకున్నాను. చుట్టాలందరి ఫోన్ నంబర్లు నోటికి వస్తాయి. టీచరమ్మ పాఠం రెండుసార్లు చదివి వినిపించేది. నాకు ఒకసారి చాలు. పుస్తకం తెరిచి, బొమ్మ చూసి, ఇది ఆవు పాఠం, ఇది నల్లా పాఠం అని గుర్తుపట్టి, వేలు అక్షరాల కింద జరుపుకుంటూ మొత్తం అప్పజెప్పేదాన్ని. రాయమన్న అయిదు మాటలు కూడా అంతే, ముగ్గు గుర్తున్నట్టు వాటి ఆకారాలు గుర్తుండేవి. అప్పుడప్పుడు నోట్లో పాఠం అయిపోయేది, వేలు ఇంకా రెండు వరుసల పైనే ఉండేది. దాన్ని గబుక్కున కిందికి జరిపేదాన్ని.

మోసం చేస్తున్నానని నేను అనుకోలేదు. చదవడం అంటే అదేననుకున్నాను. గుడిలో పంతులు పుస్తకం చూడకుండానే చదువుతాడు. పక్క గల్లీ మదర్సాలో పిల్లలు కళ్లు మూసుకుని ఊగుతూ చదువుతారు. నోటికి వస్తే చదువు వచ్చినట్టే కదా, చూసి చదివేవాళ్లకే ఇంకా రానట్టు అనుకున్నాను. ఆ లెక్కన పక్కన కూర్చుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కునే మా యారాలు నాకంటే ఎంతో వెనక ఉందని లోపల లోపల సంతోషపడ్డాను.

కార్డులో తొమ్మిది పనులు నాకు మూడు వారాల్లో అయిపోయాయి. మందుల చీటీ ఎట్లా ఉంటుందో, రసీదులో తారీఖు ఏ మూల ఉంటుందో ఒకసారి చూపిస్తే పట్టేశాను. పదోది మిగిలింది. దానికోసం టీచరమ్మ ఒక స్టీలు డబ్బా పెట్టింది. మాలో ఎవరికి తోచిన పని వాళ్లు చీటీ మీద రాసి అందులో వేయాలి. మన వంతు వచ్చినప్పుడు ఒక చీటీ తీసి, పైకి చదవకుండా, అందులో ఏముందో ఆ పని చేసి చూపించాలి. ముందు ఎవరూ చదివి వినిపించరు. బొమ్మ ఉండదు.

మా యారాలు మొదటిసారే చీటీ తీసి, చూసి, పోయి ఫ్యాను ఆపింది. అదే అందులో ఉంది. పదో టిక్కు పడింది. టీచరమ్మ రెండో పుస్తకం ఆమె చేతిలో పెట్టింది. ఆకుపచ్చ అట్ట, కొత్త వాసన. పన్నెండు మందిలో మొదట ఆమెకే వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. చేతులు ఒకదానికొకటి తగిలించాను, అంతే.

తర్వాత నా వంతు. చీటీ తీశాను. అక్షరాలు కనబడ్డాయి. ఒక్కొక్కటిగా చూస్తే అందరూ నాకు తెలిసినవాళ్లే, కలిసి నిలబడితే ఎవరో కొత్త మనుషుల్లా ఉన్నారు. పక్కకు చూశాను. ఊడ్చే పని చేసినవాళ్లకు ఎదుటి మనిషి ముఖం చూసి ఏం కావాలో పట్టుకోవడం వస్తుంది. ఆ చీటీ రాసింది కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరైన అన్న అని నాకు తెలిసిపోయింది, ఎందుకంటే ఆయన నా చేతి వైపే చూస్తూ గొంతు సవరించుకుంటున్నాడు. గొంతు ఎండుతుందేమో అనుకుని కుండలో నుంచి గ్లాసెడు నీళ్లు ముంచి ఆయన చేతికి ఇచ్చాను.

ఆయన గ్లాసు పట్టుకుని, "అక్కా, నాకు దూప అయితలేదు. దుమ్ము వస్తున్నది. కిటికీ మూయుమని రాసిన" అన్నాడు.

హాలంతా నవ్వింది. మా యారాలు మాత్రం నవ్వలేదు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని తల వంచుకుంది. ఆమె నవ్వి ఉంటే నాకు బాగుండేది. తిట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది.

ఇంటికి పోయేటప్పుడు ఇద్దరం ఒకే గల్లీలో నడవాలి, వేరే దారి లేదు. పిండిమర దగ్గర ఆమె ఆగింది.

"అక్కా, నేను చెప్తా, ఇద్దరం రోజు ఒక గంట కూసుందాం. నువ్వు పుస్తకం మూసినా పాఠం చెప్తవు గదా. దానితోని కాదు, ఉత్తి కాగితాలతోని చదువుదాం."

నేనూ ఆగాను. "పుస్తకం మూసినా చెప్తనని నీకు ఎప్పటి సంది ఎరుక?"

"మొదటి నెల సంది. నీ వేలు ఒక దిక్కు ఉంటది, నోరు ఒక దిక్కు ఉంటది."

"టీచరమ్మకు చెప్పినవా?"

"నేనెందుకు చెప్తా?"

అదే నేను ఆమె స్థానంలో ఉంటే? మొదటి నెలలోనే చెప్పేదాన్ని. పైగా అందరి ముందు చెప్పేదాన్ని. ఆ సంగతి నాకు అక్కడే, ఆ పిండిమర చప్పుడులోనే తెలిసింది. నా పదులన్నీ పదులు కావని తెలిసి కూడా, తన సున్నాల పక్కన వాటిని రోజూ చూస్తూ, నేను చార్టు ముందు నిలబడి మురిసిపోవడం చూస్తూ ఆమె ఊరుకుంది. చదువులోనే కాదు, ఇందులో కూడా నాకంటే ముందుంది. దాంతో కుళ్లు తగ్గలేదు, ఇంకో మెట్టు పెరిగింది.

"నీ జాలి నాకొద్దు. నీ రొట్టెలు నువ్వు సూసుకో" అని నడిచి వచ్చేశాను.

జాలి వద్దన్నాను గానీ ఆమె పద్ధతి మాత్రం దొంగిలించాను. మర్నాటి నుంచి పొద్దున టీ తాగి గల్లీలోకి పోయేదాన్ని. నేను ఊడ్చిన గల్లీలే. ఇన్నేళ్లలో అక్కడ ఎన్ని కాగితాలు పోగు చేశానో లెక్క లేదు. పెళ్లి పత్రికలు, బిస్కెట్ పాకిట్లు, మందుల డబ్బాలు, ఎన్నికల కరపత్రాలు. ఏ ఒక్కదానినీ అది ఏం చెబుతుందని అడగలేదు. ఇప్పుడు దుకాణం ముందు నిలబడి కిరాణం, జిరాక్స్, ఇస్త్రీ అని బోర్డులు కూడబలుక్కున్నాను. మా గల్లీలో సగం బోర్డులు ఉర్దూలో ఉంటాయి, సగం ఇంగ్లీషులో. తెలుగుది దొరికితే వదిలేదాన్ని కాదు. చూడకుండా నోటికి రాకూడదు కాబట్టి ఒక బోర్డు రెండు రోజుల కంటే ఎక్కువ చదివేదాన్ని కాదు. మూడో రోజు అది కూడా పాఠం అయిపోతుంది. నా జ్ఞాపకమే నాకు శత్రువు అయింది. చాయ్ దుకాణం ముసలాయన ఒకరోజు ఏం వెతుకుతున్నావని ఉర్దూలో అడిగాడు. పడక్కుర్చీలో కూర్చున్న నీకు చెప్పినా అర్థం కాదు అని తెలుగులో చెప్పాను.

రెండోసారి చీటీ తీసినప్పుడు బోర్డు మీద ఎనిమిది గీతలు గీయమని ఉంది. బోర్డు అన్నది వచ్చింది, గీతలు అన్నది వచ్చింది, మధ్య మాట కూడబలుక్కోవడం రాక నాలుగు గీసి వచ్చి కూర్చున్నాను. టీచరమ్మ కార్డు మీద ఏమీ రాయలేదు. ఖాళీని ఖాళీగానే ఉంచి మళ్లీ రమ్మంది. మేస్త్రీ అయి ఉంటే ఎర్ర సిరా పడేది. అప్పటికి మా యారాలు రెండో పుస్తకంలో ఆరో పాఠం చదువుతోంది. నాకు వినబడాలని కాదు, ఆమెకు పైకి చదివే అలవాటు. మిద్దె మీద నుంచి వినబడేది. నేను కింద గిన్నెలు గట్టిగా తోమేదాన్ని.

మూడోసారి జూన్ నెలలో. ఆ రోజు మొదటి వాన పడి గల్లీ అంతా బురద. చీటీ తీశాను. ఈసారి ఎవరి ముఖమూ చూడకూడదని గోడ వైపు తిరిగి నిలబడ్డాను. మొదటి మాట, రెండో మాట, మళ్లీ మొదటి మాట. ఎంతసేపు పట్టిందో తెలియదు, ఎవరో దగ్గారు. తర్వాత నడిచి తలుపు దగ్గరికి పోయాను. అక్కడ బురద చెప్పులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. వంగి, జత జతగా ఏరి, గోడ వెంబడి వరుసగా పెట్టాను. నా జత అందరికంటే ముందు పెట్టాను. మా యారాలి జత అన్నిటికంటే చివర పెట్టాను. చీటీలో ఆ సంగతి లేదు.

"తలుపు దగ్గరి చెప్పులు వరుసగా పెట్టు" అని టీచరమ్మ చీటీ పైకి చదివింది. నా కార్డు తీసుకుని పదో టిక్కు పెట్టింది.

లైన్‌మన్ అన్న చేయి ఎత్తాడు. ఆయనకు ఇంకా రెండు పనులు మిగిలే ఉన్నాయి.

"మూడుసార్లు చేస్తే ఎవరికన్న వస్తది టీచరమ్మా. చిన్నామెకు ఒక్కసారికే వచ్చింది. ఇద్దరికి ఒకటే టిక్కు అంటే ఎట్ల?"

అందరూ నా వైపు చూశారు. ఆ మాట నాదే. సగటు తీయమని నాలుగు రోజులు ఆ టీచరమ్మ ప్రాణం తీసినదాన్ని నేనే. ఇప్పుడు సగటు తీస్తే నీళ్ల గ్లాసు, నాలుగు గీతలు, వరుసగా పెట్టిన చెప్పులు అన్నీ కలుస్తాయి. రెండో పుస్తకం నాకు రాదు.

మా యారాలు లేవబోయింది. నా తరఫున ఏదో చెప్పబోతోందని తెలిసింది. ఆమె చేత చెప్పించుకునే కంటే నేనే సిగ్గు విడిచి చెప్పుకోవడం నయం.

"అన్నా, టీచరమ్మ పెట్టిన నియమం ఇది. ఇయ్యాల వచ్చిందా రాలేదా, గంతే. అప్పుడు నాకు నచ్చలే. ఇప్పుడు మస్తు నచ్చింది. నీ రెండు పనులు ఎన్నిసార్లల్ల చేస్తవో చెయ్, నేను అడగ."

ఈసారి నవ్విన నవ్వులో నేను కూడా కలిశాను. టీచరమ్మ అల్మారా తెరిచి ఆకుపచ్చ పుస్తకం తీసి ఇచ్చింది. చివరి పేజీ దాకా ఒకసారి తిప్పి చూశాను. బొమ్మలు తక్కువ, అక్షరాలు ఎక్కువ. మంచిదే, బొమ్మ చూసి గుర్తుపట్టే ప్రమాదం లేదు.

రెండో పుస్తకం వాళ్లు కిటికీ పక్కన బెంచీ మీద కూర్చుంటారు. నేను పోయేసరికి మా యారాలు జరిగి చోటు ఇచ్చింది. కూర్చున్నాను. నా పుస్తకం మొదటి పాఠం దగ్గర తెరిచాను. ఆమె చేయి తన పేజీ మీద అడ్డంగా ఉంది. ఏం చదువుతుందో అడగడం నా వల్ల కాదు. ఆమె పేజీ తిప్పేటప్పుడు మెడ చాపి, పైన పెద్ద అక్షరాల్లో ఉన్న పాఠం పేరు చూశాను. వా, న, నీ, టి. వాననీటి. తర్వాతి మాట ఆమె బొటనవేలి కింద ఉంది. "వేలు తియ్" అన్నాను. తీసింది. గుంత. వాననీటి గుంత. నా పుస్తకంలో ఆ పాఠం ఎక్కడుందో వెతికాను. పదకొండోది. ఆమెకూ నాకూ మధ్య ఇంకా పది పాఠాలు ఉన్నాయి. మొదటి పాఠం మొదటి మాట కింద వేలు పెట్టి, వేలు ఎక్కడుంటే నోరు అక్కడే ఉంచుతూ, తొందరగా మొదలుపెట్టాను.